పన్ను బాకీలో పోయిన ఇళ్లు: అమెరికా ల్యాండ్ బ్యాంకుల అర్ధశతాబ్దం

మిషిగన్‌లో ఇంటి పన్ను ఏడాదికి రెండు విడతల్లో వస్తుంది. వేసవి బిల్లు ఒకటి, శీతకాలపు బిల్లు ఒకటి. అవి కట్టకపోతే మరుసటి సంవత్సరం మార్చి 1న ఆ బకాయి ఊరి మునిసిపాలిటీ నుంచి కౌంటీ ట్రెజరర్ చేతికి వెళ్తుంది. అప్పటికీ కట్టకుండా ఇంకో ఏడాది గడిస్తే, నెలకు ఒక శాతం ఉన్న వడ్డీ ఒకటిన్నర శాతమవుతుంది, అదీ పాత తేదీ నుంచి లెక్కగట్టి. ఆ పై ఏడాది మార్చి 31 దాటితే ఇల్లు కౌంటీది. ఇంటి మీద పైసా అప్పు లేకపోయినా, యాభై ఏళ్లుగా అందులోనే కాపురం ఉంటున్నా, చట్టం ముందు ఒకటే. డెట్రాయిట్ శివార్లలో ట్రాయ్, నోవై, ఫార్మింగ్‌టన్ హిల్స్ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ బిల్లులు కొత్త కాదు. అయితే ఇంటి అప్పు ఉన్నవాళ్లలో చాలామంది తరఫున రుణమిచ్చిన బ్యాంకే పన్ను కట్టేస్తుంది కాబట్టి వాళ్లు ఈ గడువుల గురించి ఆలోచించాల్సిన పని ఉండదు. అప్పు తీర్చేసి ఒంటరిగా ఉన్న ముసలివాళ్లకు, చనిపోయిన తల్లి పేరు మీదే ఇంకా ఉన్న ఇంట్లో బతుకుతున్న పిల్లలకు గుర్తుచేసేవాళ్లు ఉండరు. జప్తులో పోయే ఇళ్లలో అలాంటివి తక్కువేమీ కావు.

అలా పోయిన ఇల్లు తర్వాత ఎవరిదవ్వాలి? గత యాభై ఏళ్లలో అమెరికన్ నగరాలు ఈ ప్రశ్నకు ఇచ్చుకున్న ప్రధానమైన సమాధానం పేరు ల్యాండ్ బ్యాంక్. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఈ మాట పరిశ్రమల కోసం ప్రభుత్వం సేకరించి ఉంచిన భూములకు వాడుతున్నాం. అమెరికాలోది వేరే సంగతి. పన్ను కట్టక జప్తయిన, ఎవరూ పట్టించుకోని ఇళ్లనూ ఖాళీ స్థలాలనూ తన పేరు మీదికి తీసుకుని, హక్కు పత్రాల చిక్కులు విప్పి, కూల్చవలసింది కూల్చి, బాగుచేయవలసింది బాగుచేసి, మళ్లీ మనుషుల చేతికి అప్పగించే ప్రభుత్వ సంస్థ అది. ఇప్పుడు దేశం మొత్తమ్మీద ఇలాంటివి దాదాపు 300 ఉన్నాయి. వాటి వల్ల మేలెంత, కీడెంత అన్న చర్చ మాత్రం ఇప్పటికీ తెగలేదు. నా మటుకు నేను గమనించిందేమిటంటే, ఆ చర్చలో ఎక్కువ భాగం బ్యాంకు చేతికి వచ్చిన ఇంటిని ఏం చేయాలన్న దగ్గరే ఆగిపోతోంది. ఆ ఇల్లు అసలు ఎలా వచ్చింది, ఎవరి దగ్గర్నుంచి వచ్చింది అన్నది పక్కకు పోతోంది.

ఒక ఇల్లు ఎలా పాడవుతుందో ముందు చూద్దాం. ఫ్లింట్‌లోనో క్లీవ్‌లండ్‌లోనో కొయ్యతో కట్టిన రెండంతస్తుల ఇల్లు, కింద బేస్‌మెంట్. మనుషులు వెళ్లిపోయిన మొదటి చలికాలంలో హీటర్ ఆగిపోతుంది. గొట్టాల్లో నీళ్లు గడ్డకట్టి, గొట్టాలు పగిలి, ఎండ వచ్చాక బేస్‌మెంట్ నిండిపోతుంది. ఆ లోపే దొంగలు రాగి పైపులు, వైర్లు, హీటర్ పెరుక్కుపోతారు. కప్పు మీద ఒక రేకు లేచిందంటే వాన నేరుగా గోడల్లోకి దిగుతుంది, బూజు పడుతుంది. అరవై డెబ్భై ఏళ్లు నిలిచిన ఇల్లు రెండు మూడు చలికాలాల్లో బాగుచేయడానికి పనికిరానిదైపోతుంది. పక్కింటికి కొనేవాడు దొరకడు, ఆ ఇంటి మీద అప్పూ పుట్టదు. కొన్నాళ్లకు ఆ పక్కింటాయన కూడా పన్ను కట్టడం మానేస్తాడు. పాత పన్నుల చట్టాల్లో జప్తు పూర్తవడానికి పట్టే కాలం చూస్తే అసలు నష్టం ఎక్కడ జరిగిందో తెలుస్తుంది. 1999కి ముందు మిషిగన్‌లో దానికి ఏడేళ్ల దాకా పట్టేది. ఇల్లు కూలడానికి రెండేళ్లు చాలు, చట్టం కదలడానికి ఏడేళ్లు కావాలి.

ఆ ఏడేళ్లూ బాకీ ఎవరి దగ్గర ఉండేదో కూడా చెప్పుకోవాలి. చాలా రాష్ట్రాల్లో స్థానిక ప్రభుత్వాలు పన్ను బకాయిని వసూలు చేసుకునే హక్కును ప్రైవేటు మదుపరులకు వేలం వేస్తాయి. దాన్ని లీన్ అమ్మకం అంటారు. ప్రభుత్వానికి డబ్బు వెంటనే చేతికొస్తుంది. కొన్నవాడు వడ్డీతో సహా ఇంటాయన దగ్గర రాబట్టుకుంటాడు, లేదంటే ఇల్లే తీసుకుంటాడు. ఇల్లు పనికొచ్చేదైతే తీసుకుంటాడు, లేకపోతే వదిలేస్తాడు. వదిలేసిన ఇల్లు ఎవరిదీ కాకుండా మిగిలిపోతుంది. రికార్డులో ఒక పేరు, లీన్ మీద మరో పేరు, వారసులు ఎక్కడో దూరాన. ఈ వేలంపాటల్లో ఇళ్లను చూడకుండా కొని, ఒక ఏడాది అద్దెలు పిండుకుని, పన్ను ఎగ్గొట్టి మళ్లీ జప్తుకు వదిలేసేవాళ్లు పుట్టుకొచ్చారు. ఒకే ఇల్లు రెండు మూడుసార్లు వేలానికి రావడం డెట్రాయిట్ ఉన్న వేన్ కౌంటీలో అందరికీ తెలిసిన సంగతి. అక్కడ తొలి వేలంలో పోని ఇళ్లను రెండో విడతలో 500 డాలర్ల నుంచే పాట పెట్టేవారు.

మొదటి ల్యాండ్ బ్యాంక్ 1971లో మిసోరి రాష్ట్ర చట్టంతో సెయింట్ లూయిస్‌లో ఏర్పడింది. 1950లో 8,56,796 మంది ఉన్న ఆ నగరంలో 2020 నాటికి 3,01,578 మందే మిగిలారు. వేలంలో ఎవరూ పాడని ఆస్తులు ఆ సంస్థకు దఖలు పడేవి. ఏరుకునే అధికారం దానికి లేదు, ఖర్చుకు డబ్బూ లేదు. ఎవరికీ అక్కరలేనివే దాని దగ్గర పేరుకున్నాయి. ఈనాటికీ దాని చేతిలో వేల స్థలాలు ఉన్నాయి, అందులో ఎక్కువ భాగం నల్లజాతివాళ్లు నివసించే ఉత్తర భాగంలోనే. 1976లో క్లీవ్‌లండ్, 1989లో లూయివిల్, 1991లో అట్లాంటా ఈ దారి పట్టాయి. అట్లాంటా పద్ధతి కొంచెం భిన్నం. అక్కడ ల్యాండ్ బ్యాంకుకు పాత పన్ను బకాయిలను రద్దు చేసే అధికారం ఇచ్చారు. బాకీల బరువుకి ఎవరూ ముట్టుకోని స్థలాన్ని తక్కువ ధర ఇళ్లు కట్టే స్వచ్ఛంద సంస్థకు అందించడానికి అది బాగా పనికొచ్చింది. అయితే ఈ తొలి తరం సంస్థలన్నీ వచ్చినదాన్ని పుచ్చుకున్నవే తప్ప, జప్తు పద్ధతి మీద చేయి వేసినవి కావు.

చేయి వేసింది ఫ్లింట్. జనరల్ మోటార్స్ పుట్టిన ఊరు అది. 1960లో లక్షా 97 వేల జనాభా, 2020లో 81,252. కంపెనీ ఉద్యోగాలు వేలకు వేలు పోయాక ఇళ్లు ఖాళీ అవుతూ వచ్చాయి. 1999లో మిషిగన్ శాసనసభ 123వ నంబరు చట్టంతో లీన్ అమ్మకాలను ఎత్తేసి, జప్తు కాలాన్ని రెండేళ్ల పైచిలుకుకు తగ్గించి, ఆస్తిని కౌంటీ చేతికే వచ్చేలా చేసింది. ఫ్లింట్ ఉన్న జెనెసీ కౌంటీ ట్రెజరర్ డాన్ కిల్డీ (తర్వాత అదే ప్రాంతం నుంచి కాంగ్రెస్ సభ్యుడయ్యారు) ఆ చట్టంలో ఉన్న అవకాశాన్ని పసిగట్టారు. పన్ను వసూలు చేసే ఆఫీసు ఊరిని నిలబెట్టే ఆఫీసు కూడా కావచ్చన్నది ఆయన ఆలోచన. 2002లో ఒక మండలిగా మొదలైన పని, 2003 రాష్ట్ర చట్టం తర్వాత 2004లో జెనెసీ కౌంటీ ల్యాండ్ బ్యాంక్ అయింది. ఎమరీ యూనివర్సిటీ న్యాయశాస్త్ర ఆచార్యుడు ఫ్రాంక్ అలెగ్జాండర్ ఈ చట్టాల రూపకల్పనకు ఆధారమైన రచనలు చేశారు. 2010లో వీళ్లిద్దరూ కలిసి నెలకొల్పిన సెంటర్ ఫర్ కమ్యూనిటీ ప్రోగ్రెస్ ద్వారా ఈ నమూనా మిగతా రాష్ట్రాలకు పాకింది.

ఫ్లింట్ నమూనాలో అసలు కీలకం కౌంటీ పరిధి. ఊళ్లో పోయిన ఇంటికి విలువ లేదు, శివార్లలో పోయిన ఇంటికి ఉంది. రెండూ ఒకే సంస్థ చేతిలో పడితే శివారు ఇంటిని అమ్మిన లాభంతో ఊళ్లో ఇల్లు కూల్చవచ్చు. అమ్మిన ఆస్తి మీద వచ్చే పన్నులో సగం ఐదేళ్లపాటు ల్యాండ్ బ్యాంకుకే వచ్చేలా చట్టంలో ఏర్పాటూ ఉంది. ఆ డబ్బుతో వేల ఇళ్లు కూల్చారు. అద్దెకున్న కుటుంబం ఇల్లు జప్తులో చిక్కుకుంటే వాళ్లను వెళ్లగొట్టకుండా అదే ఇంట్లో ఉంచే ప్రయత్నాలు చేశారు. ఊరి నడిబొడ్డున 1920లో కట్టి 1973లో మూతపడి ముప్ఫై ఏళ్లకు పైగా శిథిలంగా నిలిచిన డ్యురాంట్ హోటల్‌ని తీసుకుని, 2010 నాటికి అపార్ట్‌మెంట్లుగా తెరిపించారు. జనరల్ మోటార్స్ వ్యవస్థాపకుడి పేరు మీదున్న కట్టడం అది, ఊరివాళ్లకు దాని మీద మమకారం ఎక్కువ. వేలంపాటకు వదిలిపెడితే అది ఇప్పటికీ అలాగే ఉండేదని నేను నమ్ముతున్నాను. ఏ మదుపరీ అంతకాలం ఎదురుచూడడు. ఎదురుచూడగలగడమే ల్యాండ్ బ్యాంకుకు ఉన్న పెద్ద బలం, ఎందుకంటే దాని చేతిలో ఉన్నంతకాలం ఆస్తికి పన్ను ఉండదు.

2008 నాటి గృహరుణ సంక్షోభం ఈ సంస్థలకు రెండో పుట్టుక. క్లీవ్‌లండ్‌లోని స్లావిక్ విలేజ్ ఒకప్పుడు చెక్, పోలిష్ వలస కార్మికులు స్టీలు మిల్లుల పక్కన కట్టుకున్న పేట. 2007లో దేశంలోకెల్లా ఎక్కువ జప్తులు దాఖలైన చోటుగా పత్రికలకెక్కింది. అక్కడ ఇళ్లు జప్తు చేసిన పెద్ద బ్యాంకులు వాటిని గంపగుత్తగా చౌకగా ఎవరికో అమ్మేసేవి, కొన్నవాళ్లు ఆ ఊరి మొహం చూసినవాళ్లు కూడా కాదు. క్లీవ్‌లండ్ ఉన్న కయహోగా కౌంటీ అప్పటి ట్రెజరర్ జిమ్ రొకాకిస్ పట్టుబట్టగా 2008 చివర్లో ఒహాయో చట్టం చేసింది, 2009లో కౌంటీ ల్యాండ్ బ్యాంక్ పని మొదలుపెట్టింది. అది చేసిన తెలివైన పని, పోయిన ఇంటి కోసం కాచుకోకుండా నేరుగా పెద్ద సంస్థలతో బేరం కుదుర్చుకోవడం. గృహరుణ సంస్థ ఫ్యానీ మే తన దగ్గరున్న అతి చౌక ఇళ్లను ఒక్కొక్కటి ఒక డాలరుకు, కేంద్ర గృహనిర్మాణ శాఖ వంద డాలర్లకు ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. స్పెక్యులేటర్ల చేతిలో పడవలసిన ఇళ్లు అలా పక్కకు తప్పాయి.

హక్కు పత్రాల గురించి ఒక మాట. మన దగ్గర లింకు డాక్యుమెంటు ఒకటి దొరక్కపోతే స్థలం కొనేవాడు ఎలా వెనక్కి తగ్గుతాడో అక్కడా అంతే. జప్తులో కొన్న ఆస్తికి టైటిల్ ఇన్సూరెన్స్ కంపెనీలు పూచీ ఇవ్వవు, పూచీ లేకపోతే బ్యాంకు అప్పివ్వదు. మిషిగన్ చట్టం ల్యాండ్ బ్యాంకులకు ఒకే దావాలో ఎన్నో ఆస్తుల హక్కును కోర్టులో తేల్చుకునే వీలు కల్పించింది. బయటికి కనిపించని ఈ గుమాస్తా పని, నా దృష్టిలో, కూల్చివేతలన్నింటికన్నా విలువైనది. దాని వల్ల ఆ స్థలం మళ్లీ మామూలు కుటుంబం అప్పు తెచ్చుకుని కొనగలిగే స్థలమవుతుంది.

ఇక డబ్బు. కయహోగా ల్యాండ్ బ్యాంకుకు ఏటా సుమారు 70 లక్షల డాలర్లు పన్ను బకాయిల మీద వచ్చే వడ్డీ, జరిమానాల నుంచి అందేలా ఏర్పాటు చేశారు. రాజకీయంగా ఇది చాలా తేలికైన దారి. కొత్త పన్ను వేయనక్కర్లేదు, బడ్జెట్‌లో ఎవరి వాటా తగ్గించనక్కర్లేదు. కానీ ఆ వడ్డీ కట్టేది ఎవరు? ఆలస్యంగానైనా కిందా మీదా పడి బాకీ తీర్చుకుంటున్న ఇంటివాళ్లు. మిషిగన్‌లో కౌంటీలు బకాయిని ముందే ఊళ్లకు చెల్లించేసి, తర్వాత ఏడాదికి 18 శాతం వడ్డీతో వసూలు చేసుకుంటూ మిగులును తమ సాధారణ ఖర్చులకు వాడుకున్న సందర్భాలున్నాయి. అంటే జనం సకాలంలో పన్ను కట్టలేకపోవడం ఒక ప్రభుత్వ ఆఫీసుకు ఆదాయమైంది. పేదవాడి ఆలస్యం మీద బతికే సంస్థ పేదవాడి ఆలస్యాన్ని తగ్గించడానికి ఎంత గట్టిగా ప్రయత్నిస్తుంది? ల్యాండ్ బ్యాంకులను సమర్థించే రచనలు ఈ ప్రశ్నను దాటవేయడం నాకు మింగుడుపడదు.

ఈ ప్రశ్న డెట్రాయిట్‌లో నగ్నంగా బయటపడింది. 1950లో 18 లక్షల 50 వేల జనం, 2020లో 6,39,111. 2008 తర్వాత ఇళ్ల ధరలు కుప్పకూలాయి. మిషిగన్ రాజ్యాంగం ప్రకారం పన్ను లెక్కకు ఇంటి విలువను మార్కెట్ ధరలో సగానికి మించి కట్టకూడదు. నగరం మాత్రం పాత విలువలనే పట్టుకు కూర్చుంది. పది వేలకు కూడా పోని ఇంటికి దానికి ఎన్నో రెట్ల విలువ మీద పన్ను వేసింది. న్యాయశాస్త్ర ఆచార్యురాలు బెర్నడెట్ అటువహేనె ఈ లెక్కలను ఏళ్ల తరబడి తవ్వి తీశారు. 2011 నుంచి 2015 వరకు ఆ నగరంలో ప్రతి నాలుగు ఆస్తుల్లో ఒకటి పన్ను బాకీ కింద జప్తయిందని ఆమె చూపించారు. అక్రమంగా పెంచిన విలువలే మొత్తం జప్తుల్లో దాదాపు పది శాతానికి కారణమని, అతి చౌక ఇళ్ల విషయంలో అది నాలుగో వంతు దాకా ఉందని ఆమె, పరిశోధకుడు క్రిస్టఫర్ బెరీ కలిసి తేల్చారు. 2010–16 మధ్య ఇంటివాళ్ల మీద కనీసం 60 కోట్ల డాలర్ల పన్ను అదనంగా పడిందని 2020లో ది డెట్రాయిట్ న్యూస్ పత్రిక లెక్కగట్టింది. పేదలకు పన్ను మినహాయింపు అప్పటికే చట్టంలో ఉంది. దరఖాస్తు తిప్పలు తెలియక, ఉందన్న సంగతే తెలియక వేలమంది కట్టనక్కర్లేని పన్నుకు ఇల్లు పోగొట్టుకున్నారు.

ఆ పోయిన ఇళ్లలో పెద్ద భాగం ఎక్కడికి చేరిందంటే డెట్రాయిట్ ల్యాండ్ బ్యాంకుకు. 2008లో పుట్టి, 2013లో నగరం దివాలా తీసిన తర్వాత మేయర్ మైక్ డగ్గన్ హయాంలో 2014 నుంచి ఒక్కసారిగా పెరిగి, ఒక దశలో లక్షకు దగ్గరగా ఆస్తులతో దేశంలోనే అతి పెద్దదైంది. ఆ సంస్థ చేసిన పనిని తక్కువ చేయను. ఊళ్లోని 3 లక్షల 80 వేల స్థలాలను ఒక్కొక్కటిగా ఫొటో తీసి, స్థితిని నమోదు చేసిన 2014 సర్వే లేకపోతే ఎక్కడ ఏముందో ఎవరికీ తెలిసేది కాదు. వేలంలో ఇల్లు వెయ్యి డాలర్ల నుంచి మొదలుపెట్టి, కొన్నవాళ్లు ఆరు నెలల్లో బాగుచేసి కాపురం పెట్టాలని షరతు విధించింది. ఇంటి పక్కనున్న ఖాళీ స్థలాన్ని పక్కింటివాళ్లకు వంద డాలర్లకు ఇచ్చింది. ఏళ్ల తరబడి ఎవరో వదిలేసిన చోట గడ్డి కోస్తూ, చెత్త ఎత్తిపోస్తూ వచ్చినవాళ్లకు ఆ స్థలం చట్టప్రకారం దక్కడం చిన్న సంగతి కాదు. నగరం 2017లో అరవై ఏళ్ల తర్వాత తొలిసారి ఇళ్లన్నింటికీ విలువలు తిరగగట్టింది. అయినా ఆ సంస్థ గోదాములోకి వచ్చినవాటిలో ఎన్నో ఇళ్లు అక్రమ పన్ను వల్ల పోయినవే. ఆ ఇంటివాళ్లకు తిరిగి ఇవ్వడానికి దాని దగ్గర దారి లేకపోయింది.

కూల్చివేతల డబ్బు కథ ఇంకా బాధిస్తుంది. 2010లో కేంద్ర ఖజానా హార్డెస్ట్ హిట్ ఫండ్ పేరుతో ఒక నిధి పెట్టింది. ఉద్యోగం పోయి ఇల్లు జారిపోతున్నవాళ్లను అదే ఇంట్లో నిలబెట్టడం దాని ఉద్దేశం. సాయం నెమ్మదిగా నడిచింది. 2013లో మిషిగన్ ఆ నిధిలోంచి కూల్చివేతలకు అనుమతి తెచ్చుకుంది. డెట్రాయిట్‌లో ఆ పద్దు కింద 25 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది. కూల్చివేత టెండర్ల మీద, గోతులు పూడ్చిన మట్టి మీద కేంద్ర దర్యాప్తులూ జరిగాయి. పాడుబడ్డ ఇంటి పక్కన బతికేవాళ్లు దాన్ని కూల్చమనే కోరుకుంటారు, అందులో తప్పులేదు. కానీ ఒక వీధిలో మనుషులను ఇళ్లలో ఉంచడానికి వచ్చిన డబ్బు అదే వీధిలో ఆ మనుషులు వెళ్లిపోయాక మిగిలిన ఇళ్లను కూల్చడానికి ఖర్చయింది. ఎంత సమర్థించుకున్నా ఇది తిరగబడిన వరస.

కూల్చిన తర్వాత మిగిలే ఖాళీ స్థలం గురించి మాత్రం గట్టి రుజువులు ఉన్నాయి, అవి సంతోషం కలిగిస్తాయి. ఫిలడెల్ఫియాలో 541 ఖాళీ స్థలాలను లాటరీ పద్ధతిలో విడదీసి కొన్నింటిని శుభ్రం చేసి, కొన్నింటిని అలాగే ఉంచి పరిశోధకులు గమనించారు. చేసిందల్లా చెత్త తీసి, నేల చదును చేసి, గడ్డి వేసి, కొన్ని చెట్లు నాటి, నడుము ఎత్తు కూడా లేని కర్ర కంచె కట్టడం. కంచెకు దారి వదిలారు, ఎవరైనా లోపలికి రావచ్చు. 2018లో వెలువడిన ఫలితాల ప్రకారం దారిద్ర్యరేఖ దిగువనున్న పేటల్లో తుపాకి హింస 29 శాతం తగ్గింది. ఫ్లింట్‌లో ల్యాండ్ బ్యాంకు ఖాళీ స్థలాలను వీధి సంఘాలకు, చర్చి బృందాలకు అప్పగించి, గడ్డి కోసినందుకు వాళ్లకే కొంత డబ్బిచ్చే కార్యక్రమం నడుస్తోంది. అక్కడా హింస తగ్గిందనే పరిశోధనలు చెబుతున్నాయి. కొత్త భవనం రాకపోయినా వీధి బాగుపడుతుందన్నమాట. జనం తగ్గిపోయిన ఊళ్లో ప్రతి స్థలంలోనూ మళ్లీ ఇల్లు లేవాలని పట్టుబట్టే అధికారులు ఈ ఫలితాలను చదవాలి.

ఎవరికి అమ్మాలన్న ప్రశ్న ఊరిని బట్టి మారిపోతుంది. ఫ్లింట్‌లో కొనేవాళ్లు లేరు, అట్లాంటాలో, ఫిలడెల్ఫియాలో ఉన్నారు, అదే అక్కడి సమస్య. పేటలో ధరలు పెరగబోతున్నాయని తెలిస్తే ల్యాండ్ బ్యాంకు చేతిలోని స్థలం మీద బిల్డర్ల కన్ను పడుతుంది. ముప్ఫై ఏళ్లుగా తోట పెంచుకుంటున్న వీధివాళ్ల దగ్గర పత్రం ఉండదు. ఫిలడెల్ఫియాలో అయితే ఏ స్థలం ఎవరికి పోవాలో ఆ వార్డు కౌన్సిలర్ మాటే చెల్లుబాటయ్యే ఆనవాయితీ ఉంది, దాన్ని తొలగించాలన్న కోరికతో 2013లో ల్యాండ్ బ్యాంకు పెట్టినా ఆ పట్టు సడల్లేదు. డెట్రాయిట్ తూర్పు భాగంలో 2012లో నగరం దాదాపు 1,500 స్థలాలను ఒకే సంపన్న వ్యాపారికి చెట్ల పెంపకానికి అమ్మినప్పుడు, పక్కనే ఒక్క స్థలం కోసం ఏళ్లుగా తిరుగుతున్నవాళ్లు ఎంత మండిపడ్డారో ఊహించవచ్చు. ధర పెరిగే ఊళ్లలో ల్యాండ్ బ్యాంకు స్థలాన్ని పూర్తిగా అమ్మేయకుండా కమ్యూనిటీ ల్యాండ్ ట్రస్టుకు ఇస్తే, నేల ట్రస్టుదిగా ఉండి ఇల్లు మాత్రం చేతులు మారుతుంది, ధర అదుపులో ఉంటుంది. ఈ రెండు సంస్థలనూ జతపరచాలన్న వాదనతో నాకు పూర్తి అంగీకారం ఉంది, ఆచరణలో మాత్రం అది ఇంకా చాలా కొద్ది చోట్లే జరిగింది.

ఈ మొత్తం కట్టడాన్ని గత కొన్నేళ్లలో కోర్టులు కదిలించాయి. మిషిగన్‌లోని ఓక్లండ్ కౌంటీలో, అంటే పైన చెప్పిన ట్రాయ్, నోవై ఉన్న కౌంటీలోనే, ఒక యజమాని కట్టాల్సిన మొత్తంలో 8 డాలర్ల 41 సెంట్లు తక్కువ కట్టారు. వడ్డీ, రుసుములతో అది 285 డాలర్లు దాటింది. కౌంటీ ఇంటిని 24,500 డాలర్లకు అమ్మి, మొత్తం సొమ్మునూ ఉంచేసుకుంది. 2020 జూలైలో మిషిగన్ సుప్రీంకోర్టు రఫేలీ కేసులో అది చెల్లదని తీర్పిచ్చింది. 2023 మేలో దేశ సుప్రీంకోర్టు టైలర్ వర్సెస్ హెన్నెపిన్ కౌంటీ కేసులో ఏకగ్రీవంగా అదే మాట అంది. మినియాపొలిస్‌కు చెందిన 94 ఏళ్ల వృద్ధురాలి అపార్ట్‌మెంటును సుమారు 15 వేల బాకీకి జప్తు చేసి, 40 వేలకు అమ్మి, మిగిలిన 25 వేలు కూడా కౌంటీ తీసుకోవడం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. బాకీ వరకే తీసుకోవాలి, మిగిలింది ఇంటివాళ్లది.

తీర్పు న్యాయమైనదే, అందులో నాకు సందేహం లేదు. దాని పర్యవసానాన్నీ దాచకుండా చెప్పుకోవాలి. శివారు ఇంటి లాభంతో ఊళ్లో ఇల్లు కూల్చిన ఫ్లింట్ పద్ధతి నిలబడింది సరిగ్గా ఆ మిగులు మీదే. ఇరవై ఏళ్లు దేశానికి ఆదర్శంగా చూపిన ఏర్పాటులో ఒక భాగం ఎవరో ఇంటావిడ చేతికి తిరిగి రావలసిన సొమ్ము. ఇప్పుడు వేలానికి పెట్టకుండా నేరుగా ల్యాండ్ బ్యాంకుకు ఇళ్లు బదిలీ చేసే ఒహాయో తరహా పద్ధతుల మీదా దావాలు నడుస్తున్నాయి. మిషిగన్‌లో కొత్త చట్టం ప్రకారం మిగులు కావాలంటే ఇంటివాళ్లు జూలై 1లోగా ఫారం దాఖలు చేసుకోవాలి. మార్చి 31న ఇల్లు పోయినవాళ్లకు మూడు నెలలు. పన్ను బిల్లుకే జవాబు చెప్పలేని స్థితిలో ఉన్న మనిషి ఈ ఫారం గడువు పట్టుకుంటాడని అనుకోవడం చట్టం రాసినవాళ్ల తప్పు. కూల్చివేతలకు, గడ్డి కోతకు డబ్బు కావాలి, అది ఊరంతా కట్టే పన్నులోంచి, రాష్ట్ర బడ్జెట్‌లోంచి బాహాటంగా రావాలి. డెట్రాయిట్ ఓటర్లు 2020 నవంబరులో 25 కోట్ల డాలర్ల బాండ్లకు అంగీకరించి కూల్చివేతలకూ మరమ్మతులకూ నిధి సమకూర్చారు. భారం అందరి మీదా పడేది కాబట్టి ఆ దారి సరైనది.

ఇక మన దగ్గరికి వస్తే, హైదరాబాదులో ఆస్తి పన్ను బకాయికి నెలకు రెండు శాతం వడ్డీ పడుతుంది, కొన్ని సంవత్సరాల్లో ఆ వడ్డీలో 90 శాతం మాఫీ చేస్తూ వన్ టైమ్ సెటిల్‌మెంట్ ప్రకటిస్తారు. పెద్ద బకాయిదారులు మాఫీ కోసం కాచుకుంటారు, చిన్నవాళ్లు సకాలంలో కడతారు. పన్ను బాకీకి కాపురమున్న ఇంటిని వేలం వేయడం మన పట్టణాల్లో మామూలు విషయం కాదు, అది మంచిదే. కాబట్టి డెట్రాయిట్ సంస్థను ఇక్కడికి తెచ్చుకోవలసిన అవసరం కనిపించదు. పన్ను విలువలు మార్కెట్‌కు దూరంగా పోయినప్పుడు నష్టం ఎవరికి జరుగుతుందన్న సంగతి మాత్రం మనకూ వర్తిస్తుంది.

ల్యాండ్ బ్యాంకు ఎన్ని ఇళ్లు కూల్చింది, ఎన్ని స్థలాలు అమ్మింది అన్న వార్షిక నివేదికలు ఇప్పుడు ఎక్కడైనా దొరుకుతాయి. వాటి పక్కన ఇంకో లెక్క కావాలి. ఈ ఏడాది కాపురమున్న ఇళ్లు ఎన్ని జప్తయ్యాయి, అందులో ఎంతమందికి మినహాయింపు అర్హత ఉంది, ఎంతమందికి ఇల్లు తిరిగి దక్కింది. డెట్రాయిట్‌లో పౌరహక్కుల న్యాయవాదులు వేసిన దావా 2018లో రాజీపడినప్పుడు, మినహాయింపుకు అర్హులైన కొన్ని కుటుంబాలు తమ ఇంటిని వెయ్యి డాలర్లకు తిరిగి కొనుక్కునే వీలు కలిగింది. జప్తుకు ముందు చేయగలిగింది తర్వాత చేసినందువల్ల ఆ వెయ్యి డాలర్లు, ఆ ఏళ్ల ఆందోళన. మిషిగన్ చట్టంలోనే ఒక నిబంధన ఉంది. జప్తుకు ముందు కౌంటీ తరఫు మనిషి ప్రతి ఇంటికీ స్వయంగా వెళ్లాలి, లోపల ఎవరైనా ఉంటున్నారేమో చూడాలి, ఉంటే నోటీసు చేతికివ్వాలి. ఆ మనిషి ఎలాగూ గుమ్మం దాకా వెళ్తున్నాడు. నోటీసుతోపాటు మినహాయింపు దరఖాస్తు పట్టుకెళ్లి, అక్కడే కూర్చుని నింపించి, సంతకం పెట్టించుకుని వచ్చే బాధ్యత కూడా చట్టం అతనికి అప్పగించాలి. ఆ పనికయ్యే జీతాన్ని ల్యాండ్ బ్యాంకు ఖర్చుల్లో మొదటి పద్దుగా రాయాలి.